ఉద్దానం రోగుల ఫోన్లలోని ఆరోగ్య యాప్‌లపై బహిరంగ లేఖ

శ్రీకాకుళం జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారికి నమస్కారాలు.

మాది ఉద్దానంలోని కవిటి మండలం. మా నాన్నగారు రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. మొన్న వేసవిలో మా తమ్ముడు ఆయన ఫోన్‌లో ఒక ఆరోగ్య యాప్ వేశాడు. అది గంటగంటకూ మోగి, రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలని, నీరసానికి కొబ్బరినీళ్లు, అరటిపండు మేలని చెప్పేది. చెప్పినట్టు చేస్తే తెరమీద ఆకుపచ్చ చుక్క వెలిగేది. ఆ చుక్క కోసం నాన్నగారు నాలుగు రోజులు డాక్టరు పెట్టిన నీళ్ల కొలత దాటారు. ఐదో రోజు పొద్దున ఆయన పాదం మీద వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు పూడలేదు.

మూత్రపిండాలు పనిచేయనివారి ఒంట్లో నీరు నిలిచిపోతుందని, కొబ్బరినీళ్లలోని పొటాషియం గుండె లయను దెబ్బతీయగలదని తమకు నేను చెప్పనక్కరలేదు. కానీ వయసు, బరువు మాత్రమే అడిగి లెక్క కట్టే ఆ యాప్‌కు, పెరటినిండా కొబ్బరిచెట్లూ వీధివీధికీ కిడ్నీ రోగులూ ఉన్న ఉద్దానం తెలియదు. రోజుకు 10,000 అడుగులు వేసి నడవాలని అది పెట్టిన లక్ష్యం సైతం 1965 ప్రాంతంలో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల లెక్క యంత్రం పేరు నుంచి పుట్టిందే గాని, వైద్య పరిశోధన నుంచి కాదు. ఆ లక్ష్యం చేరలేని రోజున నాన్నగారు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. నాకు వాపుకన్నా అదే ఎక్కువ బాధ కలిగించింది.

కనుక, ఇళ్లకు వచ్చే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు రోగి ఫోన్‌లో ఏ యాప్ ఉందో కూడా అడిగేలా, డయాలసిస్ కేంద్రాల్లో ప్రతి రోగికీ తన నీళ్ల కొలత, తినకూడనివి తెలుగులో రాసిన చీటీ ఇచ్చేలా ఆదేశాలివ్వాలని వేడుకుంటున్నాను.

భవదీయుడు,
కవిటి మండల వాసి