వీసాకు ముందే వేసుకోవలసిన లెక్క

సంపాదకులకు,

అయ్యా,

హనుమకొండ చౌరస్తా నుంచి నయీంనగర్ దాకా ఎటు చూసినా విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులే కనిపిస్తున్నాయి. పిల్లల్ని ఏ దేశం పంపాలో ముందే నిర్ణయించుకుంటున్న తల్లిదండ్రులు, చదువయ్యాక అక్కడ ఎన్నాళ్లు ఉండనిస్తారన్న ప్రశ్నను మాత్రం విమానం ఎక్కించాకే అడుగుతున్నారు. బ్యాంకులో ఏళ్ల తరబడి విద్యారుణాల ఫైళ్లు చూసి రిటైరైన నాకు ఈ తీరు ఎంతో బాధ కలిగిస్తోంది.

ఇటీవల పరకాల వైపు పత్తి రైతు ఒకరు కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. ప్లాస్టిక్ కవరులో భద్రంగా తెచ్చిన ఐ-20 పత్రం (వీసా కోసం అమెరికా కాలేజీ ఇచ్చే ప్రవేశ పత్రం) తీసి, 'మంచి కాలేజీయేనా సార్?' అని అడిగారు. నేను కాలేజీ పేరు కంటే ముందు కోర్సు పక్కనున్న కోడ్ చూశాను. అది 52.0201, అంటే సాధారణ బిజినెస్ మేనేజ్‌మెంట్. అమెరికా ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఆ కోడ్ లేదు. స్టెమ్ కోర్సు చదివినవారికి ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) కింద 12 నెలలకు తోడు మరో 24 నెలలు పనిచేసే వీలుంటుంది. మిగతావారికి ఆ 12 నెలలే. ఏటా 85 వేల హెచ్-1బీ ఉద్యోగ వీసాలకు జరిగే ఎంపికలో పేరు రావడానికి మూడేళ్లు చేతిలో ఉండటానికీ, ఒక్క ఏడాదే ఉండటానికీ ఎంత తేడా! ఈ సంగతి కన్సల్టెన్సీలో ఎవరూ చెప్పలేదని ఆ అబ్బాయి అన్నాడు. అప్పటికే తండ్రి ఎకరంన్నర అమ్మకానికి పెట్టేశారు.

అమ్మక తప్పని పరిస్థితి ఎందుకొస్తుందంటే, రుణం ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా బ్యాంకు తనఖా అడుగుతుంది, వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తనఖాకు ఒప్పుకోవు. ఇక రెండు రూపాయల వడ్డీకి బయట తేవడమో, భూమి వదులుకోవడమో మిగులుతుంది. బ్యాంకు అప్పుకైనా చదివే కాలంలో వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

స్థిరపడటమే ఉద్దేశమైతే లెక్క ఇంకా ముందు మొదలుకావాలి. ఒక్కో దేశానికి ఏడు శాతం పరిమితి వల్ల అమెరికా గ్రీన్‌కార్డుకు మనవాళ్లు పదేళ్లకు మించి ఎదురుచూస్తున్నారు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీలకు ట్యూషన్ ఫీజు లేదు, చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. కానీ అక్కడ స్థిర నివాసానికి సాధారణంగా జర్మన్ భాష బీ1 (మధ్యస్థ) స్థాయిలో రావాలి కనుక, బీటెక్ రెండో ఏడు నుంచే నేర్చుకోవడం మేలు. కెనడా 2024 నవంబరు నుంచి చాలా డిప్లొమా కోర్సులకు చదువయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్ ఆపేసింది.

కాకతీయ యూనివర్సిటీ ఆవరణలో ఉచిత సలహా కేంద్రం ఒకటి తెరిచి, ఓవర్సీస్ విద్యానిధికి (విదేశీ చదువులకు రాష్ట్ర ప్రభుత్వమిచ్చే ఆర్థిక సాయం) దరఖాస్తు చేసేవారికి కోర్సు కోడ్‌తో సహా ఈ వివరాలు చెప్పాలని అధికారులను కోరుతున్నాను. ఏ యూనివర్సిటీ నుంచి కమీషన్ తీసుకుంటున్నదీ కన్సల్టెన్సీలు ఫీజు రసీదు మీదే రాసివ్వాలన్న నిబంధన కూడా తేవాలి. ఆ రైతు కొడుకు కోర్సు మార్పు కోరుతూ యూనివర్సిటీకి రాశాడు, జవాబు ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
హనుమకొండ.