కాలి మిషనుకు మోటారు బిగించాక

సంపాదకులకు నమస్కారం.

నేను కావలిలో 28 ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఎక్కువగా జాకెట్లు, పిల్లల గౌన్లు, పండగలొస్తే లంగా ఓణీలు. పత్రికకు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మా వీధి వెనక ఉన్న బడి గ్రౌండు గేటు కోసం రాస్తున్నాను. కానీ ముందు నా మిషను సంగతి చెబితే గానీ గేటు సంగతి అర్థం కాదు.

ఆరేళ్ల కిందటి దాకా నాది కాలితో తొక్కే మిషను. పొద్దుటి నుంచి రాత్రి దాకా పాదాలు ఆడుతూనే ఉండేవి. పిక్కలు గట్టిగా ఉండేవి. వయసు మీద పడుతోంది కదా అని మా అబ్బాయి మోటారు బిగించి ఇచ్చాడు. పని బాగా పెరిగింది, సంక్రాంతి ముందు రోజుకు ఎనిమిది జాకెట్లు కూడా కుట్టాను. కాళ్లకు మాత్రం పని పోయింది. పదేసి గంటలు కూర్చున్నచోటే. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు. రాత్రి పదింటికి కొట్టు కట్టేసి, వేడి వేడిగా ఇంత అన్నం తిని అట్లాగే పడుకునేదాన్ని. ఎప్పుడూ దాహం, రాత్రుళ్లు నాలుగుసార్లు లేవడం. సూదిలో దారం ఎక్కక అద్దాలు కూడా మార్పించాను. తీరా పరీక్ష చేయిస్తే పరగడుపున షుగరు 192. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 9.4.

డాక్టరమ్మ మాత్రలు రాసి, కూర్చోబెట్టి మరీ చెప్పింది. కాళ్ల కండరాలు కదిలితే రక్తంలో ఉన్న చక్కెరను అవే లాగేసుకుని వాడుకుంటాయట. అందుకని రాత్రి పెందలాడే తిని, తిన్నాక పావుగంటైనా నడవమంది. పగలు కూడా గంటకోసారి మిషను మీద నుంచి లేవమంది. నా కాళ్లు ఏళ్ల తరబడి తొక్కుతూ చేసిన మేలు ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది.

నడవమని అందరూ చెబుతారు. వారానికి 150 నిమిషాలైనా చురుగ్గా నడవడం లాంటి ఒంటి కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని మీ పత్రికల్లోనే చదువుతుంటాం. ఎక్కడ నడవాలి? పొద్దున్నే వెళ్లొచ్చు కదా అంటారు. పొద్దున కొళాయి నీళ్లు పట్టుకోవాలి, క్యారేజీలు కట్టాలి, వాకిలి చిమ్మాలి. మా వీధిలో ఏ ఆడమనిషికీ ఆరు నుంచి ఎనిమిది దాకా చెయ్యి ఖాళీ ఉండదు. మాకు దొరికేది రాత్రి భోజనాలయ్యాక ఓ ముక్కాలు గంట. ట్రంకురోడ్డులో ఆ వేళ మోటార్ సైకిళ్లతో నడవలేం.

మొదట మా సందులోనే ఒక్కదాన్నే అటూ ఇటూ తిరిగేదాన్ని. నాలుగో రోజు ఎదురింటి వదిన అరుగు మీద నుంచి, "ఏందమ్మే, ఒక్కదానివే తిరగతా ఉండావు? ఉండు, నేనూ వస్తా" అంది. నెల తిరిగేసరికి ఐదుగురం అయ్యాం.

షుగరు తగ్గిన మాట నిజం, మొన్న ఆ మూడు నెలల పరీక్షే చేయిస్తే 7.3 ఉంది. కానీ నాకు అంతకంటే పెద్ద సంగతి ఇంకోటి జరిగింది. మా ఆయన పోయి మూడేళ్లు. పిల్లలు చెన్నైలో ఒకరు, బెంగళూరులో ఒకరు. రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూస్తూ, ఏవేవో ఆలోచిస్తూ ఉండేదాన్ని. ఇప్పుడు నడుస్తూ ఆ రోజు కష్టం ఆ రోజే నలుగురితో చెప్పేసుకుంటాను. పదింటికల్లా నిద్ర పడుతోంది.

మాలో ఒక అమ్మాయికి చంటిబిడ్డ. ఒక రాత్రి నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, "నాకు బతకాలని లేదక్కా" అంది. మా గుండెలు ఝల్లుమన్నాయి. ఆ రాత్రి వదిన ఆ అమ్మాయి పక్కనే పడుకుంది. తెల్లారగానే మా కొట్లో కూర్చోబెట్టి 14416కు ఫోను చేశాం. అది టెలీ మానస్ నంబరు, 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. ఏ వేళైనా చేయొచ్చు, డబ్బు అక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడారు, ఓపిగ్గా విన్నారు, తర్వాత ఎవరికి చూపించుకోవాలో చెప్పారు. వాళ్లాయన కూడా వెంట వెళ్లాడు. కాన్పయ్యాక అట్లా మనసు కుంగిపోవడం ఒక జబ్బనీ, నయమవుతుందనీ మాకెవరికీ తెలియదు. బంగారం రేట్లు వేసే చోట పక్కనే ఈ నంబరు కూడా రోజూ వేయండి. పిల్ల ఇప్పుడు బాగుంది.

ఇక గేటు. పోయిన నెల కుక్కలు తరుముకొస్తే, చీకట్లో వదిన కాలవ గట్టు మీద పడి మణికట్టు విరిగింది. అప్పటి నుంచి ఇద్దరు రావడం మానేశారు. వెనక వీధిలోనే ఆ గ్రౌండు ఉంది, చుట్టూ గోడ ఉంది. సాయంత్రం ఐదున్నరకే తాళం పడుతుంది. వెళ్లి అడిగాం. తెరిచి ఉంచితే తాగేవాళ్లు చేరి సీసాలు పగలగొడతారు, పొద్దున పిల్లల కాళ్లకు గుచ్చుకుంటాయి అన్నారు. ఆ మాట నిజమే, నేను కాదనను. అందుకే మేం రాత్రంతా తెరవమని అడగడం లేదు. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా, ఆడవాళ్లకు, వయసు మళ్లిన వాళ్లకు తెరవండి. రెండు లైట్లు వేయించండి. తాళంచెవికి మాలో ఇద్దరం సంతకం పెడతాం. తొమ్మిదింటికి తాళం వేసి అప్పజెప్పే వెళతాం. ఆదివారం ఆదివారం గ్రౌండు ఊడ్చేది కూడా మేమే.

వదిన చేతికి కట్టు ఇంకో మూడు వారాల్లో విప్పుతారు. ఈలోగా ఈ సంగతి చూడమని మున్సిపాలిటీ వాళ్లనూ, విద్యాశాఖ అధికారులనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక దర్జీ,
కావలి, నెల్లూరు జిల్లా