పీజీ వైఫై, నీ లాప్‌టాప్: అమ్మ ఉత్తరం

అమ్మలూ,

నిన్న ఫోన్లో "ఇక్కడ వైఫై బానే వస్తోందమ్మా, పాస్‌వర్డ్ కూడా ఉంది, టెన్షన్ పడకు" అన్నావు. ఆ పాస్‌వర్డ్ ఉందన్న ధీమానే నాకు నచ్చలేదు. ఫోన్లో చెబితే సగం విని సగానికి ఊఁ కొడతావు, అందుకే రాస్తున్నాను. కాలేజీలో ల్యాబ్ నెట్‌వర్క్ చూసుకునేదాన్ని, ఇది నా రోజువారీ పని, కాబట్టి చాదస్తం అనుకోకుండా తీరిగ్గా చదువు.

ఆ పాస్‌వర్డ్ మీ డైనింగ్ హాల్ గోడకి అంటించి ఉంది కదా. ఇప్పుడున్న అమ్మాయిలందరికీ, ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లకీ, ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చిన అబ్బాయికీ అది తెలుసు. దానివల్ల రోడ్డు మీద పోయేవాడు లోపలికి రాకుండా ఉంటాడేమో గానీ, లోపలికి వచ్చినవాళ్ల నుంచి నిన్ను అదేమీ కాపాడదు. నిన్ను దింపడానికి వచ్చినప్పుడు నీ లాప్‌టాప్‌లో కాసేపు నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేసి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ‘నెట్‌వర్క్’ నొక్కి చూపించాను, గుర్తుందా? హాల్లో టీవీ కనిపించింది, ఆఫీసు గదిలో ప్రింటర్ కనిపించింది, దాని కింద ఎవరిదో లాప్‌టాప్ పేరు. దాని మీద రెండుసార్లు నొక్కితే ఏ పాస్‌వర్డూ అడక్కుండా ఫోల్డర్ తెరుచుకుంది. ఆధార్ స్కాన్, టెన్త్ మెమో, ఆఫర్ లెటర్, అన్నీ అందులోనే. ఎవరో హ్యాకింగ్ చేసి తీసినవి కావు అవి. ఆ పిల్ల ఎప్పుడో ప్రాజెక్టు ఫైళ్లు స్నేహితులకి ఇవ్వడానికి షేరింగ్ పెట్టి, పాస్‌వర్డ్ అడగడం ఆపేసి, ఆ సంగతే మర్చిపోయింది. మనం వెతికి పట్టుకుని చెబితే పాపం ముఖం పాలిపోయింది.

కాబట్టి ముందు చేయాల్సింది ఇదీ. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్లి, నువ్వు కలిసి ఉన్న వైఫై ప్రాపర్టీస్ తెరిస్తే ‘పబ్లిక్ నెట్‌వర్క్’, ‘ప్రైవేట్ నెట్‌వర్క్’ అని రెండు కనిపిస్తాయి. మన రాజమండ్రి ఇంట్లో తప్ప ఇంకెక్కడైనా సరే, పబ్లిక్. పీజీ నీకు ఇల్లే కావచ్చు, లాప్‌టాప్‌కి మాత్రం కాదు. పబ్లిక్ పెడితే పక్క మెషీన్లకి నీది కనపడదు, బయటనుంచి వచ్చే పలకరింపులకి ఫైర్‌వాల్ (లాప్‌టాప్ గుమ్మంలో కాపలా కాసే ప్రోగ్రామ్) బదులివ్వదు. మీ రూమ్మేట్‌ది మ్యాక్ అన్నావుగా, దాంట్లో ఫైర్‌వాల్ మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది, సిస్టమ్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద ఆన్ చేసుకోమను. పక్క యాపిల్ పరికరాలకి గాల్లోనే ఫైళ్లు పంపే ఎయిర్‌డ్రాప్ కూడా ‘ఎవ్రీవన్’ మీద వదిలేయొద్దని చెప్పు.

అప్‌డేట్లు "రేపు చూద్దాం" అని నొక్కేయడం నీ అలవాటు. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ వచ్చినప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు, నీకు తెలియకపోవచ్చు. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు, ఒకే నెట్‌వర్క్‌లో ఒక మెషీన్‌కి సోకితే చాలు, విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న లోపం గుండా పక్క మెషీన్‌లోకి దానంతట అదే దూకేది. ఫైళ్లన్నీ తాళం వేసేసి డబ్బు అడిగేది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి, మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకి కూడా తగిలింది. నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమనేది ఎక్కడంటే, ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చేసింది. రెండు నెలలు! పబ్లిక్ నెట్‌వర్క్‌లో కూర్చునేవాళ్లకి అప్‌డేట్ వాయిదా అంటే అదీ.

ఇక బయట వైఫై సంగతి. మీ నాన్న "ఎవడైనా గాల్లోంచి నీ పాస్‌వర్డ్ పట్టేస్తాడు" అని భయపెడుతుంటారు కదా, ఆయన చెప్పేది ఒకప్పుడు అక్షరాలా నిజం. 2010లో ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్ ఒకటి వచ్చింది. కాఫీ షాపులో పాస్‌వర్డ్ లేని ఓపెన్ వైఫై మీద కూర్చుని అది తెరిస్తే, పక్క టేబుళ్ల వాళ్ల ఫేస్‌బుక్ అకౌంట్లు ఫొటోలతో సహా వరుసగా కనిపించేవి, నొక్కితే వాళ్లలాగే లోపలికి వెళ్లిపోవచ్చు. పాస్‌వర్డ్‌తో పనే లేదు, లాగిన్ అయినట్టు గుర్తుగా వెళ్లే కుకీ దొరికితే చాలు. దాన్ని రాసినాయన ఉద్దేశం దొంగతనం కాదు, సైట్లవాళ్లకి సిగ్గు తెప్పించడం. ఆ తర్వాత పెద్ద సైట్లు ఒక్కొక్కటే హెచ్‌టీటీపీఎస్‌కి, అంటే మధ్యలోవాళ్లు చదవలేకుండా తాళం వేసి పంపే పద్ధతికి మారాయి, 2018 నుంచి క్రోమ్ అది లేని సైట్లన్నిటికీ ‘నాట్ సెక్యూర్’ అని చూపించడం మొదలుపెట్టింది. అందుకని ఇవాళ పీజీ రూటర్ చేతిలో ఉన్నవాళ్లకి నువ్వు ఏ సైట్‌కి వెళ్లావో తెలుస్తుంది గానీ, అక్కడ ఏం టైప్ చేశావో మామూలుగా తెలియదు.

అలా అని నిశ్చింతగా ఉండమనడం లేదు. గాల్లోంచి లాక్కోవడం కష్టమయ్యాక, దొంగలు మన చేత్తోనే ఇప్పించుకోవడం మొదలుపెట్టారు. నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

2024లో ఆస్ట్రేలియాలో ఒకడి మీద కేసు పెట్టారు. విమానంలోనే, చిన్న పరికరంతో అసలు వైఫై పేరుతోనే ఇంకో వైఫై సృష్టించాడు, పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాల్లోనూ ఇదే పని. కనెక్ట్ అయినవాళ్లకి ఒక పేజీ తెరుచుకుని, ఈమెయిల్‌తోనో సోషల్ మీడియా అకౌంట్‌తోనో సైన్ ఇన్ అవ్వమని అడిగేది, వాళ్లు టైప్ చేసింది నేరుగా వాడి దగ్గరికి. విమానంలో ఈ వింత వైఫై ఏమిటా అని సిబ్బందికి అనుమానం రాబట్టి దొరికాడు. అక్కడ హెచ్‌టీటీపీఎస్ ఏం చేస్తుంది చెప్పు? బ్రౌజర్‌లో అడ్రస్ పక్కన కనిపించే తాళం బొమ్మ నువ్వు మాట్లాడేది ఎవరూ వినడం లేదని చెబుతుంది, అవతలివాడు మంచివాడని చెప్పదు.

నువ్వు శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వస్తూ విజయవాడలో బండి ఆగగానే రైల్‌వైర్ వెతుక్కుంటావని తెలుసు. 2016లో ముంబై సెంట్రల్‌లో మొదలైన ఆ స్టేషన్ వైఫై ఫోన్ నంబరు, ఓటీపీ అడుగుతుంది. జీమెయిల్ పాస్‌వర్డ్‌తో దానికి పనిలేదు. కాఫీ షాపైనా, హోటలైనా, వైఫై ఇవ్వడానికి నీ ఈమెయిల్ పాస్‌వర్డ్ అడిగే పేజీ కనిపిస్తే ఇంకేం ఆలోచించకు, మూసేసి వైఫై ఆఫ్ చెయ్యి. రైల్‌వైర్ అని పేరు కనిపించినంత మాత్రాన అది వాళ్లదే అనుకోకు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పని అయ్యాక ఆ నెట్‌వర్క్‌ని ‘ఫర్‌గెట్’ చేసెయ్యి, ‘కనెక్ట్ ఆటోమేటికల్లీ’ టిక్ తీసెయ్యి, లేకపోతే నీ లాప్‌టాప్ అదే పేరు ఎక్కడ కనిపించినా నిన్నడక్కుండా వెళ్లి అతుక్కుంటుంది.

ఇంకో చోట నువ్వు తొందరపడతావు. ఎర్ర గుర్తుతో ‘యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్’ అని వస్తే కింద ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి, ‘ప్రొసీడ్’ నొక్కి వెళ్లిపోతావు, సెలవుల్లో చూశాను. ఇంట్లో కనక ఊరుకున్నాను. బయటి వైఫైలో అది వచ్చిందంటే, నువ్వు అడిగిన సైట్ బదులు మధ్యలో ఇంకెవరో జవాబిస్తూ ఉండొచ్చని అర్థం. చాలాసార్లు అది ఆ వైఫైవాళ్ల లాగిన్ పేజీయే అడ్డుపడటం వల్ల వస్తుంది, నిజమే. కానీ అదా, దొంగా అన్నది ఆ ఎర్ర పేజీ చూసి నువ్వు తేల్చలేవు. అప్పుడు వెనక్కి వచ్చి నెవర్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ కామ్ అని కొట్టు, దీనికోసమే పెట్టిన ఖాళీ సైట్ అది, వైఫై లాగిన్ పేజీ ఉంటే అక్కడ తెరుచుకుంటుంది. లాగిన్ అయ్యాక కూడా బ్యాంకు సైట్‌కి అదే హెచ్చరిక వస్తే ఆ వైఫై మనకొద్దు.

వైఫై కలిసిన వెంటనే ‘ఈ అప్‌డేట్ వేసుకోండి’ అని వచ్చే పాపప్‌లూ ఈ కోవలోవే. పెద్ద హోటళ్లలో దిగిన కంపెనీ అధికారులకి ఫ్లాష్ (అప్పట్లో బ్రౌజర్‌లో వీడియోలకి వాడే ప్రోగ్రామ్) అప్‌డేట్ పేరుతో వైరస్ ఎక్కించిన ముఠా గురించి 2014లో కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీవాళ్లు బయటపెట్టారు. అప్‌డేట్ కావాలంటే నువ్వే సెట్టింగ్స్‌లోకి వెళ్లి వేసుకో, దానంతట అది వచ్చి తలుపు కొడితే తియ్యకు.

వీపీఎన్ కొనమంటావా అని అడిగావు. నీ నెట్ రాకపోకలన్నిటికీ తాళం వేసి, ముందు తమ కంప్యూటర్‌కి తీసుకెళ్లి అక్కడినుంచి బయటికి పంపే సేవ అది. మీ ఆఫీసు ఇచ్చిన వీపీఎన్ ఉంటే ఆఫీసు పనంతా దాంట్లోనే చెయ్యి. సొంతానికి ఫ్రీగా దొరికేవి మాత్రం వద్దు. వీపీఎన్ పెడితే నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో పీజీవాళ్లకి కనపడకుండా పోయి, ఆ వీపీఎన్ కంపెనీకి కనిపిస్తుంది, అంతే తేడా. మొహం తెలిసిన పీజీ ఆంటీని నమ్మకుండా, ఏ దేశంలో ఉందో తెలియని కంపెనీని ఎందుకు నమ్మాలి? పైగా దొంగ పేజీలో నువ్వే పాస్‌వర్డ్ కొడితే ఏ వీపీఎనూ ఆపలేదు. బ్యాంకు పని, పీఎఫ్, టాక్స్ లాంటివి ఉంటే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకో. నెలకి ఇచ్చే డేటాలో ఆ కాస్తా ఒక లెక్క కాదు. జీమెయిల్‌కి టూ స్టెప్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడగడం) పెట్టావో లేదో ఇవాళే చూడు, వీలైతే పాస్‌వర్డ్ బదులు నీ ఫోన్ లాక్‌తోనే లాగిన్ చేయించే పాస్‌కీ పెట్టుకో, అది దొంగ సైట్ దగ్గర పనిచేయనే చేయదు, అందుకే నాకు అదంటే ఇష్టం.

బాత్రూమ్‌కి వెళ్తూ కూడా విండోస్ కీ, ఎల్ నొక్కి లాక్ చేసి వెళ్లు. రైల్లో బ్యాగ్ పోయినా లోపలివి దక్కకుండా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్ మొత్తానికి తాళం) ఆన్‌లో ఉందేమో చూసి, ఆ తాళం తీయడానికి అవసరమైతే వాడే రికవరీ కీ కాగితం మీద రాసి, ఈసారి ఇంటికి వచ్చినప్పుడు నాకు ఇచ్చి వెళ్లు.

ఇంత చెప్పినా ఎప్పుడో ఒకప్పుడు అలసిపోయి ఉన్నప్పుడు ఏదో నొక్కేస్తావు, ఎవరైనా నొక్కేస్తారు. అప్పుడు దాచుకోవద్దు. ముందు వైఫై ఆపెయ్యి, ఫోన్ డేటా మీద అకౌంట్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ మార్చి, మిగతా డివైసులన్నిటినుంచీ సైన్ అవుట్ చెయ్యి. డబ్బు పోయిందనిపిస్తే 1930కి ఫోన్ చెయ్యి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఎంత త్వరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ తర్వాత నాకు చెయ్యి. రాత్రి రెండయినా సరే, తిట్టను, ఇద్దరం కలిసి కూర్చుని ఒక్కొక్కటీ సరిచేద్దాం.

అమ్మ