హింస ఖాతాలో వేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

అణచివేసిన చోటల్లా క్రైస్తవం పెరిగిందని మీ ఆదివారం సంచికలో ఒక వ్యాసకర్త తేల్చేశారు. మా చర్చిలో చిన్నప్పటి నుంచి ఈ మాట వింటూనే ఉన్నాను. ముప్పై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పినవాణ్ని కనుక తలూపలేకపోతున్నాను.

ఆయన ఉదాహరణగా చూపిన మడగాస్కర్‌నే, ఆఫ్రికా పక్కనున్న ఆ దీవినే తీసుకుందాం. అక్కడికి 1818లో వెళ్లింది లండన్ మిషనరీ సొసైటీ వారు. 1805లో మా విశాఖపట్నం వచ్చినవారూ వాళ్లే. 1835లో రాణి మొదటి రణవలోనా తన ప్రజలెవరూ ఆ మతంలో ఉండరాదని ఆజ్ఞాపించింది. మరుసటి ఏడాదికి మిషనరీ దొరలు ఓడ ఎక్కేశారు. 1837లో రసలామా అనే యువతిని ఈటెలతో పొడిచి చంపారు. వధ్యస్థలం దాకా ఆమె కీర్తనలు పాడుకుంటూనే నడిచింది. 1849లో 18 మందిని చంపారు. నలుగురు రాజబంధువులు, వాళ్ల నెత్తురు నేల మీద పడకూడదట, అందుకని కాల్చేశారు. మిగిలిన 14 మందిని కొండ అంచు నుంచి తాడుతో వేలాడదీసి, మతం వదులుతారా అని అడిగి, ‘వదలం’ అన్నవారి తాడు కోశారు. (విదేశీయులంటే రాణికున్న భయం మాత్రం వట్టిది కాదు. 1896లో ఫ్రాన్సు ఆ దీవిని కలిపేసుకుంది.)

1861లో రాణి పోయేనాటికి విశ్వాసులు పెరిగారన్నది నిజమే. ఎలా పెరిగారో వ్యాసంలో లేదు. వెళ్లేలోపు దొరలు అక్కడి భాష మలగాసీలో బైబిలు అచ్చువేసి, ప్రతులను నమ్మకస్తుల చేతుల్లో పెట్టారు. ఆ విశ్వాసులు వాటిని మట్టిలో పాతిపెట్టారు, విడదీసి పంచుకున్నారు, పోయిన పుటలను చేత్తో రాసి కుట్టుకున్నారు. ఒక ప్రతిని మశూచి రోగులుండే గుహలో దాచారనీ, భటులు లోపలికి వెళ్లడానికి జంకారనీ చెబుతారు. చదవడం వచ్చినవాళ్లు ఊళ్లో ఉన్నారు, ప్రార్థన నడిపేవాళ్లూ ఊరివాళ్లే. ఆ కష్టాన్ని తీసుకెళ్లి ఈటె ఖాతాలో వేస్తే ఎలా?

అణచివేత జపాన్‌లోనూ జరిగింది. అక్కడ సొంత భాషలో పూర్తి బైబిలు లేదు, చాలావరకు విదేశీ పాదిరుల మీదే నడిచింది. 1614లో దేశమంతటా నిషేధించేనాటికి అక్కడి క్రైస్తవులు దాదాపు మూడు లక్షలని అంచనా. ఆ తర్వాత క్రీస్తు బొమ్మను కాలితో తొక్కించి పరీక్షించేవారు. 1865లో నాగసాకిలో కొందరు ఫ్రెంచి పాదిరి దగ్గరికి వచ్చి, తామూ అదే విశ్వాసంలో ఉన్నామని చెప్పుకున్నారు. చదివితే కళ్లు చెమరుస్తాయి. కానీ రెండున్నర శతాబ్దాలు దాగి మిగిలినవారు కొన్ని పదుల వేలే. ఈనాటికీ అక్కడ క్రైస్తవులు నూటికి ఒకరు.

ఇక మడగాస్కర్‌లో జనం లక్షల్లో చేరింది 1869లో అప్పటి రాణి రెండో రణవలోనా బాప్తిస్మం తీసుకున్నాక. కొలువు మారింది, కొలువు వెంట ఊళ్లు మారాయి. అదే ఏడాది సాంపీలను, అంటే రాజ్యాన్ని కాపాడతాయని తరతరాలుగా కొలిచిన ప్రతిమలను, రాణి ఆజ్ఞ మీద తగలబెట్టారు. నిన్నటి దాకా పుస్తకం దాచుకున్నది క్రైస్తవులు, ఇప్పుడు దాచుకోవలసిన వంతు పాత భక్తులది.

వ్యాసానికి తరువాయి భాగం వచ్చే వారం అని వేశారు. అందులో జపాన్ సంగతి, ఈ సాంపీల సంగతి కూడా రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం