పడమటి ఆకాశం, ఆరని రంగులు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు వేసిన ఆయిల్ పెయింటింగులు ఇంటికి ఎప్పుడు పంపుతారని చాలామంది అడుగుతున్నారు. ఇప్పట్లో పంపలేం. వేయడం అయిపోయింది, ఆరడమే మిగిలింది. వాటర్ కలర్‌లో నీళ్లు ఆవిరైతే పని అయిపోయినట్టే. ఆయిల్ రంగులోని అవిసె నూనె అలా ఆవిరి కాదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. పల్చటి పూతకు కొన్ని రోజులు, మందంగా అద్దిన చోట వారాలు, ఒక్కోసారి నెలలు కూడా పడుతుంది.

అంశం సూర్యాస్తమయం. మొదటి స్కెచ్‌లు చూసి నాకు నవ్వాగలేదు. దాదాపు అందరూ మెరీనా బీచ్ గీసి, సూర్యుణ్ని సముద్రంలో ముంచేశారు. పుట్టి పెరిగింది చెన్నైలోనే! మన సముద్రం తూర్పున ఉంది కదా, అందులోంచి సూర్యుడు పైకి వస్తాడే గానీ, సాయంత్రం దిగేది మాత్రం మేడల వెనక్కే. ఇదంతా క్యాలెండర్ బొమ్మల పుణ్యం. అందుకే డ్రాయింగ్ మాస్టారు వాళ్లను ఒక సాయంత్రం పళ్లికరణై చిత్తడి నేల దగ్గరికి తీసుకెళ్లి, రంగులేమీ ఇవ్వకుండా ఊరికే చూడమన్నారు.

చూశాక బొమ్మలు మారాయి. సూర్యుడి చుట్టూ ఆకాశం ఎర్రగా కాదు, లేత పసుపులో ఉంటుందని, మబ్బుల అడుగున అసలు ఎరుపు పొద్దు కుంకాకే వస్తుందని వాళ్లే కనిపెట్టారు. తిప్పలొచ్చింది పసుపు, నీలం కలిసే చోట. రెండూ తడి మీద కలిస్తే ఆకాశం ఆకుపచ్చగా తేలుతుంది. మధ్యలో గులాబీ రంగు పట్టీ వేసి, ప్రతిసారీ బ్రష్ తుడుచుకుంటూ కలపాలి. చెట్లకు నల్ల ట్యూబు వాడనివ్వలేదు. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపితే వచ్చే చీకటి రంగులో ప్రాణం ఉంటుంది. ఇక సూర్యుడు వెలగాలంటే తెలుపు ఎంత పూసినా లాభం లేదు, చుట్టుపక్కల ఆకాశాన్ని కాస్త ఊదా బూడిద రంగులోకి దించాలి. ఒక అమ్మాయి ఇది పట్టుకోవడానికి మూడు క్లాసులు గీకి గీకి వేసింది. నాకు అన్నిట్లోకీ నచ్చింది ఆ బొమ్మే.

కింది పూతలు టర్పెంటైన్‌తో పల్చగా, పైవి నూనె ఎక్కువగా వేయాలన్నది ఇందులో పాత నియమం. తిరగేస్తే తర్వాత పగుళ్లిస్తుంది.

ఇంట్లో ప్రాక్టీసు చేస్తుంటే ఒక్క జాగ్రత్త, ఇది మాత్రం సీరియస్‌గా తీసుకోండి. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లున్న డబ్బాలో వేయండి. టర్పెంటైన్ సింకులో పోయకండి, కిటికీలు తెరిచి ఉంచండి. ఇంటికిచ్చిన చిన్న బోర్డుల మీద కొన్ని మబ్బులు పిల్లలవి కావని తెలిసిపోతోంది. నాన్నలు దయచేసి వేరే బోర్డు కొనుక్కోండి.

ఆదివారం వీలైతే ఇంజంబాక్కంలోని చోళమండలం కళాకారుల గ్రామానికి తీసుకెళ్లండి. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ 1966లో స్థాపించినది. కాన్వాసును పక్క నుంచి చూడమనండి, బ్రష్ ఎటు కదిలిందో కనిపిస్తుంది.

పేరెంట్స్ మీటింగుకు వచ్చినప్పుడు మన పిల్లల బొమ్మలు పై అంతస్తు వరండాలో చూడొచ్చు. ఆరాయో లేదో అని వేలు పెట్టి చూడకండి, ఇప్పటికే రెండు సూర్యుళ్ల మీద వేలిముద్రలున్నాయి.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు