హవల్దారు భుజం మీద మూడు నక్షత్రాలు

సంపాదకుడు గారికి,

నమస్కారం. 17 ఏళ్లు పదాతి దళంలో చేసి హవల్దారుగా రిటైరై ఊరు చేరినవాణ్ని. మాది మార్కాపురం వైపు. ఈ మధ్య మిలటరీ క్యాంటీన్ దగ్గర క్యూలో నిలబడితే చాలు, ఎవరో ఒకరు 2029లో ఎమ్మెల్యేకి నామినేషన్ వేస్తానంటున్నారు. వేయనివ్వండి, తప్పేమీ లేదు. కాకపోతే యూనిఫాం ఫొటో పెట్టుకుని ఓటు అడుగుతానంటే నాకు అభ్యంతరం. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

2024లో మా నియోజకవర్గంలో నాతో పనిచేసిన మిత్రుడొకడు ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాడు. బూత్ ఏజెంట్ల సంగతి నన్ను చూసుకోమన్నాడు. ఒకరోజు పొద్దున్నే టీ తాగుదామని సెంటర్‌కి వెళ్లి తలెత్తి చూద్దును కదా, రాత్రికి రాత్రే కట్టిన ఫ్లెక్సీ. మొహం మావాడిదే, ఒళ్లు మాత్రం వాడిది కాదు. నెట్‌లో దొరికిన ఎవరో ఆఫీసరు బొమ్మకి వాడి తల అతికించారు. భుజాల మీద మూడేసి నక్షత్రాలు. హవల్దారుకి నక్షత్రాలెక్కడివి? చేతి మీద మూడు చారలుంటాయి, అంతే. ఛాతీ మీద రిబ్బన్లు నాలుగు వరసలు. టోపీ మీది బ్యాడ్జీ అయితే వేరే రెజిమెంటుది. షాపు కుర్రాణ్ని నిలదీస్తే, "స్టార్లుంటే లుక్ బావుంటది సార్. చారలు పెడితే హెడ్ కానిస్టేబులనుకుంటారు" అన్నాడు. వాడి లెక్క వాడిది. మా మిత్రుడికి కూడా పెద్ద తప్పనిపించలేదు, "ఎవడు చూస్తాడ్రా అవన్నీ" అన్నాడు. నేను చూశాను కదా. మధ్యాహ్నానికల్లా నిచ్చెన వేయించి దింపించాను.

సైనికుల ఫొటోలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం పార్టీలకు 2013 డిసెంబరులోనే రాసింది. 2019లో పాకిస్తాన్‌కి చిక్కి తిరిగొచ్చిన వింగ్ కమాండర్ అభినందన్ బొమ్మ హోర్డింగుల మీదికెక్కాక మార్చిలో మళ్లీ గుర్తు చేసింది. అయినా 2025 మేలో ఆపరేషన్ సిందూర్ తర్వాత ఫ్లెక్సీల మీద నాయకుల పక్కన జవాన్లు, యుద్ధ విమానాలు కనబడుతూనే ఉన్నాయి. సరే, అది పార్టీల సంగతి. రిటైరైన వాడు తన పాత యూనిఫాం ఫొటో తానే వేసుకుంటే? అక్కడికొచ్చేసరికి ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెబుతున్నారు. అది కూడా కుదరదని సంఘం ఒక్క ముక్క స్పష్టంగా రాస్తే మా లాంటి వాళ్లకి నిచ్చెనలు వేసే పని తప్పుతుంది. ఆ బట్ట మేము సర్వీసులో వేసుకున్నది, మా సొంత ఆస్తి కాదు. ఇంకా సరిహద్దులో ఉన్నవాడిది కూడా అదే బట్ట. వాడికేమో ఏ పార్టీ మీటింగులోనూ కాలు పెట్టే వీల్లేదు. 1954 నాటి ఆర్మీ రూల్సులో 20వ రూలు చూడండి.

ఆ రూలు మంచిదే. కానీ దానివల్ల మాకు జరిగేది ఇంకొకటి ఉంది. ఇరవై ఏళ్లప్పుడు ఊరొదిలి, నలభై దగ్గర పడుతుంటే తిరిగొస్తాం. ఈ లోపు ఊళ్లో ఎవరు ఎవరి మనిషో, ఏ పంచాయితీ ఎక్కడ మొదలైందో ఏమీ తెలియదు. ఓటు కూడా అంతంతమాత్రమే. బ్యాలెట్ కాగితం ఆన్‌లైన్‌లో పంపడం 2016లో మొదలైంది. అంతకుముందు పోస్టులో వచ్చి, నింపి మళ్లీ పోస్టులో పంపేసరికి ఇక్కడ లెక్కింపు అయిపోయేది. నా సర్వీసు మొత్తంలో నా ఓటు లెక్కలోకి వచ్చిందని నమ్మకంగా చెప్పగలిగింది ఒక్కసారే. అలాంటి వాడు దిగీదిగగానే ఎమ్మెల్యేకి నిలబడితే చేతిలో ఉండేది ఆ ఫొటో ఒక్కటే.

గెలిచిన వాళ్లు లేరా అంటారు. ఉన్నారు. ఉత్తమ్‌కుమార్ రెడ్డి గారు మిగ్ విమానాలు నడిపి వచ్చినవారు. 1994లో కోదాడలో ఓడిపోయారు, అక్కడే తిరిగి తిరిగి 1999లో గెలిచారు. ఒలింపిక్ పతకం తెచ్చిన కల్నల్ రాజ్యవర్ధన్ రాథోడ్ 2023లో రాజస్థాన్ అసెంబ్లీకి వెళ్లారు. ఓడినవాళ్లనూ చూడాలి. మేజర్ జనరల్ ఖండూరీ ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రిగా ఉంటూ 2012లో కోట్‌ద్వార్‌లో ఓడారు. ఆయన పార్టీ బీజేపీకి 31 సీట్లు, కాంగ్రెస్‌కి 32, తేడా ఒక్క సీటే. ఇక పంజాబ్‌లోని పటియాలా ముచ్చట మా వాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. 2017లో అక్కడ మాజీ సైన్యాధిపతి జనరల్ జేజే సింగ్, 1960లలో కొద్దికాలమే సైన్యంలో ఉన్న కెప్టెన్ అమరీందర్ సింగ్ తలపడ్డారు. కెప్టెన్ గెలిచారు. అదే కెప్టెన్ 2022లో అదే ఊళ్లో ఓడిపోయారు. ఇంకో సంగతి గమనించారా, నేను చెప్పిన పేర్లన్నీ ఆఫీసర్లవే. పార్టీ టికెట్టు అక్కడిదాకానే వస్తుంది. హవల్దారుకి, నాయక్‌కి మిగిలేది పది మంది ప్రతిపాదకుల సంతకాలు, ఇండిపెండెంటు గుర్తు.

మావాడి సంగతికొస్తా. అసలు వాడు నిలబడింది దేశభక్తి పొంగి కాదు, రెండెకరాల చిక్కు వల్ల. వాళ్ల నాన్న కూడా మిలటరీయే. ఆయనకి మాజీ సైనికుల కింద ఇచ్చిన మెట్ట ఐదెకరాలు ఉంది. అలా ఇచ్చిన భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993 నాటి జీవో ఉంది. అయినా ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ కుదరని భూముల నిషేధిత జాబితాలో, అదే 22-ఎలో ఉండిపోయింది. కూతురి ఫీజుల కోసం రెండెకరాలు అమ్ముదామంటే రిజిస్ట్రేషన్ కాలేదు. అభ్యంతరం లేదనే కాగితం, అదే ఎన్‌ఓసీ కోసం మూడేళ్లు తిరిగాడు. సారు మీటింగులో ఉన్నారు, సారు మారిపోయారు, ఫైలు పైకి పంపాం, ఫైలు కిందికి రాలేదు. ఆ కోపంతో వేశాడు నామినేషన్. మరి ఫ్లెక్సీ మీద ఈ ముక్క ఒక్కటైనా ఉందా? లేదు. మైకు పట్టుకుంటే సియాచిన్ చలి గురించే.

ప్రచారంలో ఒకరోజు సాయంత్రం ఒక ఊళ్లో చింతచెట్టు కింద ఆగాం. మావాడు మంచు గురించి మొదలెట్టగానే ఒక రైతు లుంగీ మడతలోంచి పాస్‌బుక్ జిరాక్సు తీసి, "మాదీ 22-ఎలో పడింది నాయనా, దీనికేమన్నా దారుందా?" అన్నాడు. మావాడు మైకు పక్కన పెట్టి కూర్చున్నాడు. ఏ కాగితాలు జత చేయాలో, ఎవరికి రాయాలో, రసీదు ఎలా అడగాలో అన్నీ నోటికొచ్చు వాడికి. అక్కడికక్కడే అర్జీ రాసిచ్చాడు. చూస్తుండగానే ఇరవై మంది పోగయ్యారు, ఇళ్లకెళ్లి కాగితాలు తెచ్చుకున్నారు. ప్రచారం మొత్తంలో జనం మమ్మల్ని ఆపి మాట్లాడించింది ఆ అరగంటే.

ఓట్లు నోటా కంటే తక్కువొచ్చాయి. పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ 10,000 పోతుంది కదా, అది పోయింది. దాంతో పాటు గ్రాట్యుటీలో నాలుగు లక్షలు. ఖర్చు పరిమితి 40 లక్షలని కాగితం మీద ఉంది, పెద్ద పార్టీల వాళ్లు ఎంత పెట్టారో నేను చెప్పక్కర్లేదు. మాజీ సైనికులు ఈ లెక్క వేసుకున్నాకే బరిలోకి దిగాలని మనవి.

ఇది ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2023 జనవరిలో ట్రైనింగ్ మొదలైన మొదటి అగ్నివీరుల నాలుగేళ్లు 2027కల్లా అయిపోతాయి. నూటికి 25 మందిని మించి అక్కడ ఉంచుకోరు, తక్కినవాళ్లు ఊళ్లకి వచ్చేస్తారు. 2029 నాటికి వాళ్లలో చాలామందికి అసెంబ్లీకి కావాల్సిన 25 ఏళ్లు నిండుతాయి. ఉద్యోగం లేని కుర్రాడు, బీరువాలో యూనిఫాం, పక్కనే ఫ్లెక్సీ షాపు. పార్టీలు వీళ్ల కోసం కాచుకుని ఉంటాయి, టికెట్టివ్వడానికి కాదు, ర్యాలీలో ముందు నడిపించడానికి. ఎన్నికల సంఘం ఈలోపే ఏదో ఒకటి తేల్చాలి.

మావాడు ఇప్పుడు సోమవారం సోమవారం గ్రీవెన్స్‌కి నలుగురి అర్జీలు పట్టుకుని పోతున్నాడు. సొంత ఎన్‌ఓసీ మాత్రం ఇంకా రాలేదు. రిజర్వేషన్ కలిసొస్తే సర్పంచికి వేస్తాడట. బూత్ పని మళ్లీ నాకే అప్పజెప్పాడు. సరేనన్నాను, ఫ్లెక్సీ డిజైన్ నేను చూశాకే ప్రింటుకి పోవాలని షరతు పెట్టి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
మార్కాపురం ప్రాంతం