రిఫర్ చీటీ మీద దెబ్బ తగిలిన టైమ్ రాయండి

సంపాదకులకు,

హైవే మీద యాక్సిడెంట్ అయితే ముందు దగ్గర్లోని చిన్న ఆసుపత్రికే తీసుకెళ్తారు. అక్కడ కట్టు కట్టి, సెలైన్ పెట్టి విజయవాడకో గుంటూరుకో పంపిస్తారు. నేను క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మా దగ్గరికొచ్చే రిఫర్ చీటీల్లో బీపీ, పల్స్ ఉండేవి కానీ దెబ్బ ఎన్ని గంటలకు తగిలిందో చాలాసార్లు ఉండేది కాదు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఇచ్చారో లేదో కూడా రాసేవాళ్ళు కాదు.

రక్తం పోతున్న మనిషికి ఈ ఇంజెక్షన్ దెబ్బ తగిలిన మూడు గంటల్లోపే పడాలి. గడ్డకట్టిన రక్తం మళ్ళీ కరిగిపోకుండా అది ఆపుతుంది. 40 దేశాల్లో 20 వేలమందికి పైగా క్షతగాత్రులపై జరిపి, 2010లో ప్రచురించిన క్రాష్-2 పరిశోధనలో దీనివల్ల మరణాలు తగ్గాయి. ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. మూడు గంటలు దాటాక ఇచ్చినవాళ్ళలో మాత్రం రక్తస్రావంతో చనిపోయే ముప్పు పెరిగింది. మరి టైమే తెలియకపోతే ఇక్కడి డాక్టరు ఇవ్వాలో మానాలో ఎలా తేల్చుకుంటారు? నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువైన ఆడవాళ్ళకు రాసే మందే ఇది, ఖరీదైనదేం కాదు. పెద్దవాళ్ళకు మొదటి డోసు ఒక గ్రాము, పది నిమిషాల్లో ఎక్కించాలి. ఏ చిన్న ఆసుపత్రిలోనైనా చేయగల పని.

బీపీ పడిపోయిందని సీసా తర్వాత సీసా సెలైన్ ఎక్కించి పంపడం కూడా మానాలి. అది మిగిలిన రక్తాన్ని పల్చన చేస్తుంది, ఒంటిని చల్లబరుస్తుంది. ఒళ్ళు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. బెజవాడ ఎండల్లో దుప్పటి కప్పమంటే వెంట వచ్చినవాళ్ళు నన్ను వింతగా చూసేవాళ్ళు. బీపీ బాగుందని నిశ్చింతగా ఉండటమూ ప్రమాదమే. తొడ ఎముక విరిగితే పైకి చుక్క కనపడకుండా లీటరు రక్తం లోపలే పోవచ్చు. కుర్రవాళ్ళకు చివరిదాకా బీపీ నిలబడుతుంది. పల్స్ పరుగెత్తడం, చల్లటి చెమటలు ముందే చెబుతాయి.

రోడ్డు మీదున్నవాళ్ళు గాయంపై గుడ్డ పెట్టి అరచేత్తో గట్టిగా అదిమి పట్టండి, తీసి తీసి చూడకండి. కాఫీపొడి, పసుపు అద్దకండి. మంచినీళ్ళు, సోడా తాగించకండి. కేసు భయం అక్కర్లేదు, సాయపడినవారికి మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ రక్షణ ఉంది.

జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం: రిఫర్ చీటీలో దెబ్బ తగిలిన టైముకు, ఇంజెక్షన్ ఇచ్చిన టైముకు రెండు గడులు అచ్చు వేయించండి. 108కు ఫోన్ వచ్చిన టైమ్ వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఆటోలో వచ్చిన కేసైతే తెచ్చినవాళ్ళు వెళ్ళిపోకముందే అడిగి రాయాలి.

- ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, పటమట, విజయవాడ